బొంత కుట్టేటప్పుడు మిషను మొరాయిస్తే

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. చాలా ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు, లంగాలు కుడుతున్నాను. మా అత్తగారి కాలం నాటి నల్లటి కాలి మిషను ఇంతవరకు నన్ను ఇబ్బంది పెట్టలేదు. మా అమ్మాయి పురిటికి వస్తోందని పాత చీరలతో బొంతలు కుట్టడం మొదలుపెట్టిన దగ్గరి నుంచే కష్టాలు వచ్చాయి. కుట్టు మధ్యమధ్య దాటిపోతోంది, అడుగున దారం ఉండ కడుతోంది, సూదులు విరుగుతున్నాయి, పై చీర జరిగిపోయి చివరికి వచ్చేసరికి మడతలు పడుతున్నాయి. టెన్షన్ మర ఎంత తిప్పినా ఫలితం లేదు. కొబ్బరినూనె మాత్రం మానకుండా వేస్తున్నాను. మిషన్ల దుకాణంలో అడిగితే టైమింగు పోయిందని, దీన్ని అమ్మేసి మోటారు మిషను కొనుక్కోమని అన్నారు. అమ్మేయమంటారా? సగం కుట్టిన బొంతను ఏం చేయమంటారు?

సమాధానం:

సోదరీ, ఆ మిషనును అమ్మవద్దు. జాకెట్లు కుట్టినంతకాలం ఏ పేచీ పెట్టని మిషను బొంత పెట్టగానే తిరగబడిందంటే, లోపం మిషనులో ఉందనుకోవడానికి ముందు, రెండు పొరల గుడ్డకు అలవాటుపడిన సూది, దారం, ఒత్తిడి ఇప్పుడు ఐదారు పొరలకు సరిపోతున్నాయా లేదా అన్నది చూడాలి. ఈ సంగతి తేల్చుకోవడానికి మీరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. కొత్త సూది బిగించి, పైదారాన్ని పూర్తిగా తీసి మళ్లీ ఎక్కించి, ఉతికిన నూలు గుడ్డను రెండు పొరలుగా మడిచి జానెడు పొడవు కుట్టండి. కుట్టు ఎక్కడా దాటకుండా, పైనా కిందా ఒకేలా పడితే, టైమింగు, అంటే సూదీ దాని కింద తిరిగే షటిలూ కదిలే సమయాల పొందిక, పోయిందన్న మాట నమ్మనక్కరలేదు. ఆ రెండు పొరల మీద కూడా కుట్టు దాటుతూ ఉంటేనే మెకానిక్కు చేతిలో పెట్టాలి. ఈ పరీక్ష చేయకుండా లోపలి మరలు విప్పనీయకండి. బాగున్న టైమింగును సరిచేయబోతే అది నిజంగానే తప్పిపోతుంది.

కుట్టు ఎలా పడుతుందో ఒకసారి కళ్లారా చూస్తే మీ కష్టాల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన యంత్రానికీ మీ అత్తగారి మిషనుకూ మూల సూత్రం ఒక్కటే. మొన దగ్గరే కన్ను ఉన్న సూది పైదారాన్ని గుడ్డ కిందికి తీసుకుపోతుంది. సూది అట్టడుగుకు చేరి, సుమారు రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, దారం సూది పక్కన చిన్న ఉచ్చులాగా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో, ప్లేటు కింద తిరిగే షటిల్ అనే భాగం కొన ఆ ఉచ్చులోకి దూరి, దాన్ని కింది దారం చుట్టిన బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది. పట్టపగటి వెలుతురులో సూది పక్కనున్న జారుడు రేకు తెరిచి, చేతి చక్రాన్ని మీ వైపుకు చాలా నెమ్మదిగా తిప్పుతూ ఇదంతా గమనించండి. మొదట రెండు పొరల గుడ్డ పెట్టి, తరువాత బొంత అంచు పెట్టి చూడండి. బొంత మెత్తగా, ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక సూది పైకి లేచేటప్పుడు గుడ్డ కూడా దానితోపాటు కొద్దిగా లేస్తుంది. గుడ్డ లేచినంత మేర దారమూ సూదితో కలిసి లేస్తుంది కాబట్టి ఉచ్చు ఉబ్బదు, షటిల్ కొన ఖాళీగా తిరిగిపోతుంది. మీరు చెప్పిన దాటుకుట్టు చాలావరకు ఇదే.

దీనికి మొదటి మందు సూది. జాకెట్టు గుడ్డలకు వాడే 14 నంబరు సూది కాండం 0.90 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. అది బొంతలో దిగేటప్పుడు పక్కకు వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా షటిల్ కొనకు ఉచ్చు అందదు. నాలుగైదు పొరల నూలు చీరలకు 16 నంబరు, అంతకు మించి లావైతే 18 నంబరు వాడండి. వాటి లావు వరుసగా ఒక మిల్లీమీటరు, 1.10 మిల్లీమీటర్లు. సూదిని పైదాకా నెట్టి, ఇక వెళ్లదని తెలిశాకే మర బిగించాలి. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది. దారం ఎప్పుడూ ఆ గాడి ఉన్న వైపు నుంచే కంట్లోకి వెళ్లాలి. సూది తిరగబడి బిగిస్తే ప్రపంచంలో ఏ మిషనూ కుట్టదు, కాని తొందరలో ఈ పొరపాటు అనుభవమున్న దర్జీల చేతా జరుగుతుంది. ఎనిమిది గంటల కుట్టుకొక సూది మార్చాలని చెబుతారు. బొంతకైతే నేను ఒక్కో బొంతకూ ఒక కొత్త సూది అంటాను. సూది ఖరీదుతో పోలిస్తే విప్పి మళ్లీ కుట్టే శ్రమ ఎంతో ఎక్కువ.

రెండవది మీరు లోపల వేస్తున్న గుడ్డ. బాగా నలిగిన నూలు చీర సూదికి దారి ఇస్తుంది. సింథటిక్ చీరలు మాత్రం జారుతాయి, సూదిని పట్టుకుని లేస్తాయి, కుట్టు దాటేలా చేస్తాయి. పైగా పసిబిడ్డ ఒంటికి అవి ఉక్కపోత. గంజి పెట్టిన చీరలుంటే గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికి ఆరబెట్టండి. ముతక అంచులు, జరీ ఉన్న భాగాలు కత్తిరించి పక్కన పెట్టండి. అన్ని అంచులూ ఒకే చోట ఒకదానిమీద ఒకటి పడితే అక్కడ సూది విరగడం ఖాయం. పసిపిల్లల బొంతకు పైనా కిందా ఒక్కో పొర, మధ్యలో రెండో మూడో పొరలు చాలు. దూది నింపే లావుపాటి పరుపుల్లాంటివి మీ మిషను మీద పెట్టకండి. అవి చేతి సూదికే తగినవి.

అడుగున దారం ఉండ కడితే అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు. నిజానికి పదింట తొమ్మిదిసార్లు తప్పు పైదారానిదే. టెన్షన్ బిళ్లల మధ్యకు దారం సరిగా దిగకపోతే పైదారాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. షటిల్ లాగినంత దారమూ కిందికి వచ్చి, తిరిగి పైకి పోలేక అక్కడే చుట్టుకుంటుంది. గుడ్డను పైనుంచి అదిమే ఫుట్ కిందికి దించి ఉన్నప్పుడు టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, పైకి ఎత్తితే విచ్చుకుంటాయి. అందువల్ల దారం ఎక్కించేటప్పుడు ఫుట్ తప్పకుండా పైకి ఎత్తి ఉండాలి. ఎక్కించాక ఫుట్ దించి, సూది దగ్గర దారాన్ని లాగి చూడండి. గట్టిగా ఆనితే దారం సరైన చోట ఉన్నట్టు, వదులుగా వచ్చేస్తే మళ్లీ ఎక్కించాల్సినట్టు. బొంతతో ఇంకొక ఇబ్బంది ఉంది. ఫుట్ కింద లావుగా గుడ్డ ఉండడం వల్ల, దించకుండానే దించినట్టు కనబడుతుంది. కుట్టు మొదలుపెట్టే ముందు ప్రతిసారీ వెనక ఉన్న మీటను చేత్తో తాకి, దించామని నిర్ధారించుకోండి. కాలి మిషనుకు మరొకటి కూడా తోడవుతుంది. మొదటి తొక్కుడులో చక్రం ఒక్క చుట్టు వెనక్కి తిరిగినా అడుగున దారం చిక్కుపడుతుంది కాబట్టి, రెండు దారాల కొసలనూ వెనక్కి లాగి వేలితో అదిమి పట్టుకుని, చేతి చక్రాన్ని మీ వైపుకు తిప్పి, ఆ తరువాతే కాలు ఆడించండి. బెల్టు వదులైతే బరువైన గుడ్డ దగ్గర చక్రం జారి ఇలా వెనక్కి తిరగడం ఎక్కువవుతుంది. అర అంగుళం కోసి మళ్లీ కొక్కెం వేస్తే చాలు.

టెన్షన్ మరను మీరు ఎటెటో తిప్పి ఉంటారు కనుక దాన్ని మొదటి నుంచి సరిచేసుకోవడం మంచిది. బాబిన్ కేసుతో మొదలుపెట్టండి. దారాన్ని గాడిలోంచి లాగి రేకు స్ప్రింగు కిందికి తెచ్చి, ఆ దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. అది కదలకుండా ఉంటే బిగువు ఎక్కువ. ధారగా జారిపోతే తక్కువ. చేతిని చిన్నగా అదిలించినప్పుడల్లా కొద్దికొద్దిగా దిగితే సరిపోయినట్టు. స్ప్రింగు మీద ఉన్న చిన్న మరను ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పవద్దు. తరువాత పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి, బొంతలో వాడిన పొరలతోనే చేసిన చిన్న ముక్క మీద కుట్టి చూడండి. పైవైపు తెల్లటి చుక్కలు కనిపిస్తే పైదారం బిగువు ఎక్కువగా ఉంది. కింద ఎర్రదారం తిన్నగా గీతలా పడుకుంటే పైదారం వదులుగా ఉంది. రెండు దారాల ముడి పొరల మధ్యలో దాక్కోవాలి. బొంత లావు ఆ ముడి దాక్కోవడానికి కావలసినంత చోటు ఇస్తుంది కనుక, ఒకసారి కుదిరాక ఈ మర జోలికి పోనవసరం ఉండదు.

పైదారం తెగడం మీరు రాయలేదు కాని, 16 నంబరు సూదికి మారాక అది కూడా తగ్గుతుంది. కుట్టులో స్థిరపడేలోగా దారంలోని ఒకే చోటు సూది కంట్లోంచి ఎన్నోసార్లు కిందికీ పైకీ తిరుగుతుంది. కన్ను ఇరుకైతే అక్కడే పోగులు లేచి తెగుతుంది. ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్న రీళ్లను రెండు చేతులతో లాగి చూసి, పుటుక్కున తెగేవాటిని బొంతకు వాడకండి.

సూదులు విరగడం విషయంలో మాత్రం కొంత గట్టిగానే చెప్పాలి. బొంత బరువు బల్ల అంచు దాటి వేలాడితే ఆ బరువంతా సూదిని పక్కకు లాగుతుంది, సూది మొన ప్లేటుకు తగిలి విరుగుతుంది. మిషనుకు ఎడమ వైపునా వెనక వైపునా మంచమో బల్లో వేసి బొంత బరువును దాని మీదకు దించండి. కుడివైపు భాగాన్ని చాపలా చుట్టి మిషను చేయి కింద ఉంచండి. గుడ్డను వెనక నుంచి లాగకండి. గుడ్డ కింద కదిలే పళ్లు దాన్ని జరుపుకునే దాకా ఆగి, చేతులతో దారి మాత్రం చూపండి. బాబిన్ కేసు లోపలికి నెట్టినప్పుడు టక్కుమని కూర్చోవాలి. దాని వేలు గాడిలో పడకపోతే సూది నేరుగా దానికే తగులుతుంది. సూది పదేపదే విరిగిన తరువాత ప్లేటు రంధ్రం అంచుల్లో గీతలు, గరుకులు ఏర్పడి ఉంటాయి. ప్లేటు తీసి, రంధ్రం చుట్టూ వేలి గోటితో రాసి చూడండి. గోరు ఆగిన చోట సన్నని ఇమరీ కాగితంతో నునుపు చేయండి. షటిల్ కొనకు గరుకు తగిలితే మాత్రం మీరు ముట్టుకోకండి. దాని ఆకారం కొద్దిగా మారినా టైమింగు మీద ప్రభావం ఉంటుంది.

ఇది పసిబిడ్డ పడుకునే బొంత కనుక విరిగిన సూది ముక్కలన్నీ దొరికేదాకా కుట్టు ముందుకు సాగకూడదు. విరిగిన ముక్కలను ఒక కాగితం మీద పక్కపక్కన పేర్చి, సూది పూర్తి పొడవు వచ్చిందో లేదో చూసుకోండి. మొన దొరక్కపోతే అది పొరల మధ్యే ఉందనుకుని వెదకాలి. ఒక బలమైన అయస్కాంతాన్ని బొంత రెండు వైపులా, అంగుళం కూడా వదలకుండా ఆనించి నడిపితే గుచ్చుకుని ఉన్న ముక్క ఉన్నచోటు తెలుస్తుంది.

ఇక పై చీర జరగడం. ఇది లోపం కాదు, మిషను నిర్మాణంలోనే ఉన్న స్వభావం. కింది పళ్లు అడుగు పొరను ముందుకు జరుపుతాయి. పైన ఉన్న ఫుట్ పై పొరను అదిమి ఆపుతుంది. రెండు పొరలైతే ఆ తేడా కనిపించదు. ఐదు పొరలైనప్పుడు ఒక్కో కుట్టుకు పిసరంత తేడా పోగై, బారెడు దూరం వెళ్లేసరికి మడతగా మారుతుంది. మన ఊళ్లలో బొంతలు, మరాఠీ వాళ్ల గోధడీలు చేత్తో కుట్టే ఆడవాళ్లకు ఈ సమస్య లేకపోవడానికి కారణం, వారి సూది అన్ని పొరలనూ ఒకేసారి గుచ్చి ఎత్తుతుంది తప్ప ఏ ఒక్క పొరనూ ముందుకు తొయ్యదు. వారు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. అదే పద్ధతిని మిషను మీద పెడితే మధ్యలో గుడ్డ పోగుపడి బుగ్గలా లేస్తుంది. మిషను మీద మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపుకు వెళ్లాలి.

దానికి ముందు పొరలన్నింటినీ నేల మీద పరిచి, చేత్తో తట్టి సాపు చేసి, జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్టు వేయండి. ఈ పని విసుగనిపించినా దీన్ని దాటవేయకండి. మిగిలినవన్నీ కలిపినా దీనంత మేలు చేయవు. ఎడమ చివరన పైన ఉండే ఒత్తిడి మరను ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ఒకే పొడవు ఉన్న రెండు గుడ్డ పట్టీలను కచ్చా లేకుండా ఒకదానిపై ఒకటి పెట్టి కుట్టి చూడండి. చివరికి వచ్చేసరికి పై పట్టీ మిగిలిపోతే ఇంకొంచెం వదులు చేయాలి. అతిగా వదులు చేస్తే ఇందాక చెప్పినట్టు గుడ్డ సూదితో లేచి కుట్టు దాటుతుంది కనుక, ఈ రెండింటి మధ్య మీ బొంతకు కుదిరే స్థానాన్ని మీరే పట్టుకోవాలి. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకు, అంటే అంగుళానికి ఎనిమిది కుట్ల దగ్గరకు తెండి. జాకెట్టుకు వేసే సన్నకుట్టు బొంతను బిరుసు చేస్తుంది, పొరలను ముడుచుకునేలా చేస్తుంది. వరుసలన్నీ ఒకే దిశలో కుట్టండి. ఒకటి పైకి, ఒకటి కిందికి కుడితే రెండు వరుసల మధ్య గుడ్డ ఏటవాలుగా మెలిపడుతుంది. ఇకముందు కూడా బొంతలు కుట్టాలనుకుంటే వాకింగ్ ఫుట్ అనే అమరిక ఒకటి కొనండి. దానికీ అడుగున పళ్లుంటాయి, అవి పై పొరను కింది పళ్లతో సమానంగా జరుపుతాయి. మంచిర్యాలకో చంద్రపూర్‌కో వెళ్లినప్పుడు మిషను విడిభాగాలు అమ్మే చోట అడగండి. మీ పాత ఫుట్‌ను వెంట తీసుకువెళ్లి, దాని కాడ ఎత్తుకు సరిపోయేదే తీసుకోండి.

కొబ్బరినూనె గురించి మీరు మామూలుగా రాసేశారు కాని, నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది. మీ వైపు చలికాలపు రాత్రులు అంతకంటే ఎంతో చల్లగా ఉంటాయి; తెల్లవారి మిషను బరువుగా తిరగడం మీరూ గమనించే ఉంటారు. పైగా అది నూలు నలుసుతో కలిసి జిగురు ముద్దగా మారుతుంది. పాత చీరలు కుట్టేటప్పుడు రాలే నలుసు కొత్త గుడ్డ కంటే చాలా ఎక్కువ. ప్లేటు మరలు రెండూ విప్పి, పళ్ల వరుసల మధ్య చూడండి. అక్కడ నలుసు, నూనె కలిసి బూడిదరంగు కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. గుండుసూదితో లేపితే పళ్ల ఆకారం అచ్చుపడిన పట్టీగా ఊడి వస్తుంది. అది పేరుకున్నంతకాలం పళ్లు పూర్తి ఎత్తుకు లేవవు, గుడ్డ జరగదు, కుట్లు ఒకే చోట పడి దారం ఉండ కడుతుంది. షటిల్ గూడులో కూడా పాత పళ్లు తోముకునే బ్రష్షుతో నలుసు తీసి, ఇరుక్కున్న దారం తునకలుంటే పట్టకారుతో లాగండి. తరువాత నూనె రంధ్రాలన్నింటిలో కొద్ది చుక్కలు కిరోసిన్ వేసి, దారం లేకుండా కొంతసేపు తొక్కి, కారిన మురికినంతా తుడవండి. ఆ పని పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీలు తెరిచి చేయండి. కిరోసిన్ ఆరాక కుట్టు మిషను నూనె మాత్రమే ఒక్కో చుక్క వేయండి. రాత్రి ఫుట్ కింద పాత గుడ్డ పెట్టి వదిలేసి, మరునాడు ముందుగా చింకిగుడ్డ మీద కుడితే బొంత మీద నూనె మరకలు పడవు. ఇకమీదట బాబిన్ మార్చిన ప్రతిసారీ షటిల్ గూడును ఒకసారి బ్రష్షుతో దులపండి. వానాకాలంలో, ప్రాణహిత ఒడ్డు తేమకు షటిల్ తుప్పు పట్టకుండా, వాడని రోజుల్లో కూడా వారానికొకసారి ఖాళీగా తొక్కుతూ ఉండండి.

మోటారు మిషను కొంటే వీటిలో ఏదీ తప్పిపోదు. నలుసు అక్కడా చేరుతుంది, పై పొర అక్కడా జరుగుతుంది, వేగం ఎక్కువ కావడం వల్ల సూది విరగడం ఇంకా పెరగవచ్చు. బొంతకు కావలసింది తిన్నని కుట్టు, నెమ్మది నడక. ఆ రెండూ మీ కాలి మిషను బాగా చేయగలదు.

సగం కుట్టిన బొంతను పూర్తిగా విప్పనవసరం లేదు. మొదట సూది ముక్కల కోసం అయస్కాంతంతో వెదకండి. మడతలు పడిన వరుసలను మాత్రమే, అడుగువైపు దారాన్ని నాలుగైదు కుట్లకొకచోట కత్తిరించి, పైదారం కొస పట్టి లాగండి. అలాగైతే పాత చీర చిరగదు. కుట్టు దాటిన చోట్లను మిషనుతో మళ్లీ కుట్టకుండా చేత్తో రెండు పోగుల దారంతో పూరించండి. మిగిలిన భాగానికి కచ్చా వేసి, 16 నంబరు సూదితో మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ పొండి. అంచు పట్టీని చిట్టచివర వేయండి. పొరలు ఏ వైపైనా ఒక అంగుళం మిగిలిపోతే అప్పుడు కోసి సమం చేయవచ్చు.